శనివారం ఆఖరి పీరియడ్ టీచరమ్మ

ఈ మధ్య రెడీమేడ్ చొక్కాలకి జేబులు కుట్టేవాడెవడో గానీ, వాడు జన్మలో కళ్ళజోడు పెట్టుకుని ఉండడు. రెండు వేళ్ళ లోతు కూడా ఉండదు. వంగితే చాలు, జోడు నేలమీద. మొన్న పొద్దున ఇదే విషయం మీద మా కోడల్ని సతాయిస్తున్నా. "వంగడం మానెయ్యండి మావయ్యా, జోడు ఉంటుంది" అంటోంది ఆవిడ. ఇంతలో ఫోను. గన్నవరంలో బ్యాంకులో పనిచేసే నా మనవరాలు. ఎప్పుడూ "ఏం తాతా, ఇవాళ ఎవర్ని ఏడిపించావ్?" అని మొదలెట్టే పిల్ల. ఆ రోజు అది అడగలా.

"తాతా, టీచర్ పోయారు" అంది.

ఏ టీచరని నేను అడగలా. మా ఇంట్లో టీచరంటే ఒకావిడే.

వెళ్ళొచ్చాం. వాకిలి నిండా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఒక్కొక్కళ్ళూ ముందుకొచ్చి ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పి పక్కకి తప్పుకుంటున్నారు. ఏడుస్తూ కూడా వినపడేట్టే చెప్తున్నారు. ఒక్కళ్ళ చేతిలో కాగితం లేదు. డెబ్బై దాటినవాణ్ణి, చాలా చావులు చూశా. ఇలాంటిది చూళ్ళా.

నా చదువు మూడో క్లాసుతో సరి. అయినా ఇది నేనే రాస్తున్నా, తప్పులుంటే మనవరాలు దిద్దుద్ది. వన్ టౌన్లో కిరసనాయిలు స్టవ్వులూ, పెట్రోమాక్స్ లైట్లూ బాగుచేసే కొట్టు ఉండేది నాకు. రెండు సందుల అవతల ఓ ప్రైవేటు హైస్కూలు. కింద బెల్లం గోడౌను, పైన బడి. మా మనవరాలు అక్కడే చదివింది. టీచరమ్మ సోషల్ చెప్పేది. సుద్దముక్కకి కాగితం చుట్టి పట్టుకునేది, చేతులకి పొడి అంటకుండా. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. ఉయ్యూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఎంత రద్దీలో వచ్చినా చీర కుచ్చిళ్ళు నలిగేవి కావు. అదెలాగో నాకిప్పటికీ తెలీదు.

శనివారం ఆఖరి పీరియడ్ మాత్రం ఆవిడ పాఠం చెప్పేది కాదు. ఓ పిల్లో పిల్లాడో ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు తీసుకురావాలి. దాని గురించి అందరి ముందూ నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడాలి. కాగితం చూడకూడదు. ఇంట్లోంచి పెద్దాళ్ళెవరో ఒకరు వచ్చి వెనక బెంచీలో కూర్చోవాలి, కానీ నోరు విప్పకూడదు. టీచరమ్మ కూడా మాతోపాటు వెనకే కూర్చునేది. కింద రోడ్డు మీద తోపుడుబళ్ళ గోల, ఆటోల గోల. అవన్నీ దాటుకుని మాట ఆవిడ దగ్గరికి రావాలి. రాకపోతే చెయ్యెత్తేది, అంతే.

మా పిల్ల ఎనిమిదిలో ఉన్నప్పుడు ఓ శనివారం ఊరికే చూద్దామని పోయా. టైలరు సాయిబు గారి అబ్బాయి వాళ్ళ నాన్న కత్తెర తెచ్చాడు. "ఇది మా నాన్న మొదటి కత్తెర" అన్నాడో లేదో, నా పక్కనున్న సాయిబు గారు లేచి, "కాదురా, అది మీ మావయ్యది! నాది తుప్పుపట్టింది!" అని అరిచాడు. నేను ఊరుకుంటానా, "మరి మీ మావయ్యకి చెప్పే తెచ్చావా?" అన్నా. క్లాసంతా నవ్వు. టీచరమ్మ నా వైపు తిరిగింది.

"తాతగారూ, పిల్లలు బుద్ధిగానే ఉన్నారండీ. మిమ్మల్ని బెంచీ ఎక్కించమంటారా?"

ఎక్కించేదే. ఆవిడ మొహంలో నవ్వు లేదు మరి.

పిల్లలు మధ్యలో మాట మర్చిపోయి బిక్కమొహం వేస్తే, "ఆగావా? ఆగు. కంగారేం లేదు. మేం ఎక్కడికీ పోం" అనేది. అందించేది కాదు. మమ్మల్ని అందించనిచ్చేది కాదు. "నీ ఇంటి సంగతి నీకంటే బాగా ఇంకెవరు చెప్తారమ్మా?" అనేది.

మా పిల్ల తొమ్మిదిలోకి వచ్చేసరికి నోరు కట్టేసుకుంది. సాయంత్రాలు కొట్లో నా పక్కనే కూర్చుని చదువుకునేది కదా, బట్టలకి కిరసనాయిలు వాసన పట్టేది. క్లాసులో "కిరసనాయిలు పిల్ల" అని పేరు పెట్టారు. ఇంట్లో నాతో సమానంగా వాగేది, బడిలో హాజరుకి కూడా చెయ్యెత్తేదే గానీ పలికేది కాదుట.

అదే ఏడు కరస్పాండెంటు గారికి ఈ పీరియడ్ మీద కన్నుపడింది. బడి ఓనరు ఆయనే. పదో తరగతి మార్కులే మార్కులు, ఊరంతా కోచింగులు. కత్తెరలూ గరిటెలూ చూపించుకోడానికి పీరియడ్ ఎందుకు, లెక్కలకిచ్చేస్తా అన్నాడు. "ఒక్కసారి వచ్చి చూసి అప్పుడు తీసేయండి సార్" అందిట టీచరమ్మ. సరే, వచ్చే శనివారం వస్తానన్నాడు.

ఆ శనివారం వంతు ఎవరిదనుకున్నారు? మా పిల్లది.

నేను పరిగెత్తుకుంటూ పోయా. "అమ్మా, ఆ ఒక్కరోజుకి గలగలా మాట్లాడే పిల్లని పెట్టుకోండి. మాది నోరు తెరవదు. మీ పీరియడ్ పోద్ది" అన్నా.

ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ, "వంతు ఆ అమ్మాయిదండీ తాతగారూ. ఇప్పుడు మారిస్తే, టీచర్ నన్ను నమ్మలేదని తెలిసిపోదూ? పీరియడ్ పోతే పోతుంది" అంది.

వాదన ఓడిపోయి కొట్టుకి తిరిగొచ్చా. నేను వాదన ఓడిపోవడం ఎంత పెద్ద సంగతో మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

శనివారం వచ్చింది. కరస్పాండెంటు గారు ముందు కుర్చీలో. నేనూ టీచరమ్మా వెనక బెంచీలో. మా పిల్ల స్టవ్ పిన్ను పట్టుకుని నిలబడింది. బర్నరు రంధ్రంలో మసి తీసే పిన్ను, రేకు ముక్కకి సన్నటి తీగ, అంతే. దాన్ని చూస్తూ నిలబడింది. ఓ నిమిషం. రెండు నిమిషాలు. పైన ఫాను కిర్రుకిర్రుమంటోంది.

"ఏంటి టీచర్, ఈ అమ్మాయికి మాటలు రావా?" అన్నాడు కరస్పాండెంటు.

"వస్తాయి సార్. వెతుక్కుంటోంది."

ఆయన వాచీ చూసుకుని లేచాడు. "సోమవారం నుంచి లెక్కల సారుకిచ్చేయండి" అని బయటికి నడిచాడు. పక్కకి చూస్తే, టీచరమ్మ ఆయన వెళ్ళడం కూడా చూళ్ళేదు. ఆవిడ కళ్ళు మా పిల్ల మీదే ఉన్నాయి. ఇష్టమైన పెద్దావిడ మాట కోసం చిన్నపిల్లలు చూస్తారే, అట్టా చూస్తోంది. తన పీరియడ్ అప్పుడే మెట్లు దిగిపోతోందని ఆ మొహంలో ఎక్కడా లేదు.

"కంగారేం లేదమ్మా. మేం ఎక్కడికీ పోం."

అప్పుడు పలికింది మా పిల్ల. "ఇది స్టవ్ పిన్ను. మా తాత దీన్ని చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు." క్లాసు నవ్వింది. దానికి ధైర్యమొచ్చింది. "ఓసారి దీంతోనే పళ్ళు కుట్టుకున్నాడు. రెండ్రోజులు తాత నోట్లోంచి పొగ వస్తుందేమోనని చూశా." పరువంతా తీసేసింది నాది. తర్వాత గొంతు పెంచింది. "నన్ను కిరసనాయిలు పిల్ల అంటారు. నిజమే. నా జడకి కూడా ఆ వాసనే. కానీ గాలివానకి ఊళ్ళో కరెంటు పోయినప్పుడు, పెళ్ళివాళ్ళు పెట్రోమాక్స్ లైట్ల కోసం మా కొట్టు ముందు నిలబడతారు. అప్పుడు ఎవ్వరూ ముక్కు మూసుకోరు."

తల తిప్పి చూద్దును కదా, గుమ్మంలో కరస్పాండెంటు గారు. స్కూటరు స్టార్టు కాలేదుట, ఎవర్నైనా పంపమని చెప్పడానికి చెమటలు కక్కుకుంటూ మళ్ళీ పైకొచ్చాడు. వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. అయిదు నిమిషాలు దాటి ఎంతసేపైందో నాకు తెలీదు. అయ్యాక ఆయన దగ్గరికొచ్చి, "ఆ పిన్ను ఏదమ్మా, చూపించు" అన్నాడు. వెలుతురుకేసి పెట్టి చూశాడు. సోమవారం లెక్కల సారుకి ఆ పీరియడ్ పోలేదు. ఆ తర్వాత ఏ సోమవారమూ పోలేదు. టీచరమ్మ రిటైరయ్యేదాకా శనివారాలు ఆవిడవే.

ఆ రోజు మెట్ల దగ్గర చేతులు జోడించా ఆవిడకి. "నాకెందుకండీ? నేను కూర్చున్నాను, అంతేగా" అంది. నిజమే, అంతే చేసింది. కూర్చుని వింది. అలా వినేవాళ్ళు నా బతుకులో ఇంకొకళ్ళు తగల్లేదు.

ఇక ఇది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మనవరాలు దిద్దుతూ ఇక్కడికి రాగానే ఫోన్ చేసి అరుస్తుంది, అరవనీండి. ఆ రోజు బడికి పోతూ పోతూ, బెల్లం గోడౌను పక్కన పెట్టిన కరస్పాండెంటు గారి స్కూటరు పక్క డొప్ప తీసి, బండి స్టార్టు కాకుండా ప్లగ్గు మీద టోపీ ఊడబీకింది నేనే. అంతా అయ్యాక, "ఏదీ, నన్నో చూపు చూడనీండి సార్" అని దిగి, కాసేపు గీకినట్టు నటించి తగిలించిందీ నేనే. మంచి పనివాడివయ్యా అని ఆయన భుజం తట్టాడు కూడా. టీచరమ్మ పిల్లని నమ్ముకుని పైన కూర్చుంది. నేను నమ్మలేక, కింద స్కూటరు ముందు గొంతుక్కూర్చుని అటూ ఇటూ చూస్తున్నా, ఎవరన్నా చూస్తున్నారేమోనని.