బావగారి చెయ్యి

పెనిమిటి అన్న ఎదుట నూకమ్మ ఏనాడూ నిలబడి మాట్లాడలేదు. పెళ్లయి హిందీవాళ్ల రాజ్యంలోని బిర్సానగర్ బస్తీకి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ, బావగారు పోలరాజు దగ్గు వినబడితే చాలు, ముసుగు లాక్కుని తలుపు చాటుకు తప్పుకునేది. వేలు తగలడం మాట అటుంచి, ఆయన నీడ కూడా తొక్కేది కాదు. నిరుడు ఆయన కామెర్లతో పోయాడు. అయినా ఆయన కూర్చునే మంచం మీద ఆమె ఇప్పటికీ కూర్చోదు. ఆ ఇంటి మర్యాద అటువంటిది, చచ్చినవాడి దగ్గర కూడా సడలింపు లేదు.

ఆమె మొగుడు అసిరయ్య వెల్డింగు పనివాడు, రెక్కాడితే గాని డొక్కాడని కాంట్రాక్టు కూలి. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి ఎండల్లో కార్ఖానాలో కుప్పకూలిపోతే ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి అతని కళ్లలోకి టార్చి వేశాడు. రబ్బరు సుత్తితో మోకాళ్లు తట్టాడు, తాళంచెవితో అరికాలు గీశాడు. ఎడమ చెయ్యి ఎత్తమన్నాడు.

"ఎత్తీసినాను కదా," అన్నాడు అసిరయ్య. చెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది.

డాక్టరు ఆ చేతిని ఎత్తి అతని కళ్ల ముందు పెట్టి, ఇదెవరిదని హిందీలో అడిగాడు. అసిరయ్య దానికేసి తేరిపార చూశాడు.

"మా అన్నది. రేతిరే వచ్చి పక్కన తొంగున్నాడు."

నూకమ్మ చప్పున ముసుగు లాక్కుంది. మెదడులో నెత్తురు గడ్డకట్టిందనీ, అలాంటివాళ్లకు సొంత చెయ్యే పరాయిదిగా తోస్తుందనీ నర్సు గౌరీదేవి తెలుగులో చెప్పింది. పూటపూటా నూనె రాసి వేళ్లు వంచుతూ ఉండకపోతే ఆ చెయ్యి కొయ్యబారిపోతుందంది.

"నానెలా ముట్టుకుంతానమ్మా? ఆయన బావగారు," అంది నూకమ్మ.

నర్సు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది.

కొన్నాళ్లు నూకమ్మ మంచానికి ఆ పక్కకే వెళ్లలేదు. చూస్తుండగానే వేళ్లు లోపలికి ముడుచుకుపోసాగాయి. ఆ చెయ్యి పోతే కూడూ పోతుంది. చివరికి కళ్లు మూసుకుని ముట్టుకుంది. చల్లగా ఉంది. సిగ్గుతో, భయంతో ఏడుపొచ్చింది. అయినా నూనె రాయడం మానలేదు.

ఒక సాయంత్రం ఆ వేళ్లు ఆమె మణికట్టును పట్టుకున్నాయి.

"నీ సెయ్యి కదిలింది, సూడయ్యా."

అసిరయ్య కుడివైపు గోడనే చూస్తున్నాడు. "నాను కదపనేదే," అన్నాడు.

పట్టు ఇంకా బిగిసింది. నూకమ్మ విడిపించుకోలేదు. వంగి, మొగుడికి వినబడకుండా, ఆ చేతితోనే మాట్లాడింది.

"బావగారూ, మీరు ఉండాలంటే ఉండండి. మీ తమ్ముడి పని మాత్రం సెయ్యాల."