బుసబుసమనే బిళ్ల

బ్రిగిడా పోలండ్‌లోని బితొమ్ పట్టణంలో ట్రాము నడుపుతుంది. పట్టాల మీద కారు నిలిపి రొట్టెల కొట్లోకి పోయే మహానుభావుల్ని చూసినప్పుడల్లా గంట మోగిస్తుంది. వాళ్లు తాపీగా సంచీ ఊపుకుంటూ వచ్చి, చెయ్యెత్తి ఒక నవ్వు నవ్వి పోతారు. ఓర్పు అనేది జీతంతో పాటు ఇచ్చే సరుకు కాదని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. ఈ మధ్య అలాంటి గంట ఇంట్లో కూడా ఉంటే బాగుండుననిపిస్తోంది.

భర్త గింటర్ పనిచేసిన బొగ్గు గని కిందటి శీతాకాలం మూతపడింది. పింఛనుకేం లోటు లేదు, నెలనెలా వస్తోంది. మనిషికే ఏదో అయింది. పొద్దున లేచి వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాడు. గ్లాసులో నీళ్లు పోసి మెగ్నీషియం బిళ్ల వేస్తాడు. అది బుసబుసమని నురగ కక్కుతూ కరిగిపోయేదాకా కళ్లార్పకుండా చూసి, ఆ నీళ్లు తాగుతాడు. అంతటితో ఆ రోజుకు వైద్యం అయిపోయినట్టే. ఇక చీకటి పడేదాకా కిటికీ దగ్గర నుంచి కదలడు.

ఆ ఊళ్లో అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. కనురెప్ప అదిరితే మెగ్నీషియం. నిద్ర పట్టకపోతే మెగ్నీషియం. పిల్లాడికి లెక్కలు రాకపోయినా, కోడలు ఎదురు చెప్పినా మెగ్నీషియం తక్కువైనట్టే లెక్క. గింటర్‌కి బాగాలేదని తెలియగానే పక్కింటావిడ ఆ బిళ్లల గొట్టం ఒకటి తెచ్చింది. ట్రాము డిపోలో తోటి డ్రైవరు నిమ్మ రుచిది ఇచ్చాడు. అత్తగారు ఎల్‌ఫ్రీదా గుమ్మడి గింజలూ కోకో పొట్లమూ తెచ్చి, కాఫీ డబ్బా మాత్రం తన సంచీలో వేసుకుపోయింది. కాఫీ ఒంట్లోని మెగ్నీషియాన్ని కడిగేస్తుందట.

బ్రిగిడాకి అన్నిటికన్నా ఒళ్లు మండింది ఆ కాఫీ డబ్బా విషయంలోనే. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అటక మీది పావురాల గూటికి ఎక్కడం గింటర్‌కి పాతికేళ్ల అలవాటు. గ్లాసు పోయాక మెట్లెక్కడమూ పోయింది. మేత వేయడం, రెట్ట గీకడం ఇప్పుడు ఆమె నెత్తిన పడ్డాయి. పావురాల గురించి ఆమెకు తెలిసిందల్లా అవి కోటు మీద రెట్ట వేస్తాయని.

ఆదివారం భోజనానికి అత్తగారు వచ్చింది. చుట్టలు చుట్టి వండిన మాంసం, నడుమ వేలి గుంట పెట్టిన బంగాళదుంప కుడుములు, ఎర్ర క్యాబేజీ. కొడుకు పళ్లెం పక్కన ఆవిడ ఇంకో కొత్త గొట్టం పెట్టింది.

"మనసు డాక్టరు దగ్గరికి పోదాం, గింటర్. నేను సెలవు పెడతాను," అంది బ్రిగిడా.

"వాడికేమన్నా పిచ్చా?" అంది ఎల్‌ఫ్రీదా.

"పిచ్చని నేనన్నానా అత్తమ్మా?"

"వాళ్ల నాన్న జీవితమంతా గనిలో దిగాడు. ఏనాడైనా దిగులంటూ కూర్చున్నాడా?"

"కూర్చోలేదు. తాగాడు."

అత్తగారు ఫోర్కు కింద పెట్టింది. "చచ్చినవాణ్ని అంటావా, నా బల్ల దగ్గర కూర్చుని?"

"ఇది నా బల్ల అత్తమ్మా."

"ఊరుకోండి ఇద్దరూ," అన్నాడు గింటర్. "నాకేం లేదు. ఒంట్లో ఖనిజం తక్కువైంది, అంతే. ఈ గొట్టం అయిపోతే సర్దుకుంటుంది."

"కిందటి గొట్టానికీ ఇదే మాటన్నావు."

"అది వేరే. ఇందులో విటమిన్ కూడా ఉంది."

బ్రిగిడా కుడి కనురెప్ప టపటపా కొట్టుకుంది. అత్తగారి కంట పడనే పడింది.

"చూశావా! నీకూ తక్కువైంది. నువ్వూ ఒకటి వేసుకో."

ఆమె లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగింది.

మర్నాడు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వీధి గుమ్మంలో పోల్డెక్ నిలబడి ఉన్నాడు. గింటర్‌తో గనిలో దిగినవాడు, పావురాల పందేల్లో పోటీదారు. చేతిలో పెద్ద అల్లిక బుట్ట.

"గింటర్ రమ్మన్నాడు. పావురాల్ని తీసుకుపొమ్మన్నాడు," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

"ఎన్నిట్ని?"

"అన్నిట్నీ."

ఇదే వీధిలో రూఫిన్ అనే ఆయన కిందటి ఆకురాలు కాలంలో తన పావురాల్ని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెట్టాడు. అటక శుభ్రం చేస్తున్నానని నవ్వుతూ చెప్పాడు. ఆ వారం తిరగకుండానే వీధంతా నల్లబట్టలు కట్టుకుని ఆయన అంత్యక్రియలకి చర్చికి వెళ్లింది. ఆ రోజే ఎందుకని ఒక్కమాట అడిగుండాల్సిందని ఇప్పటికీ అనుకుంటారు. పోల్డెక్ కూడా ఆయన దగ్గర ఒక జత తీసుకున్నాడు.

"నువ్వు అడిగావా ఎందుకని?" అంది బ్రిగిడా.

"అడుగుదామనే వచ్చాను. బుట్ట... ఊరికే తెచ్చాను."

ఇద్దరూ పైకి వెళ్లారు. గింటర్ అటక మీద గూటి తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. ఇన్నాళ్లకి ఆ మెట్లు ఎక్కింది ఇందుకా అని బ్రిగిడాకి కోపం ముంచుకొచ్చింది. పోల్డెక్ చేతిలోని బుట్ట లాక్కుని నేల మీద పెట్టి, దాని మూత మీద కూర్చుంది.

"లే, బ్రిగిడా," అన్నాడు గింటర్.

"లేవను. నెల రోజులుగా వీటి రెట్ట గీకింది నేను. ఇచ్చేసేవాడివి ఇచ్చేద్దువుగానీ, ముందు ఆ మూలనున్న నీలిదాన్ని ఏం చేయాలో చెప్పు. రెక్కలు ఉబ్బరించుకుని అక్కడే కూర్చుంటోంది. మేత ముట్టడంలేదు."

గింటర్ తల తిప్పి చూశాడు. "ఎప్పట్నించి?"

"నాలుగైదు రోజులు. నువ్వు వీటికి వేసే ఆ ఖనిజాల పొడి వేస్తూనే ఉన్నాను."

"పొడా?" గింటర్ గొంతు లేచింది. ఇంట్లో ఆ గొంతు విని చాలా కాలమైంది. "పొడి ఒక పూట పెట్టి చూస్తారు! లేవకపోతే బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి! ఇన్నాళ్లూ పొడి చల్లుతూ కూర్చుంటావా? అది చచ్చిపోతుంది! ఆ మాత్రం..."

ఆగిపోయాడు. బ్రిగిడా బుట్ట మీంచి కదలలేదు. పావురాలు గుటుక్ గుటుక్‌మంటున్నాయి.

చివరికి పోల్డెక్ గొంతు సవరించుకున్నాడు. "లేమ్మా, బుట్ట విరుగుతుంది. నీలిదాన్ని నేను తీసుకెళతాను. వీణ్ని నువ్వు తీసుకెళ్లు. వీడు బుట్టలో పట్టడు."

గింటర్ నవ్వలేదు. అలాగని కాదనీ అనలేదు. గూటి తలుపు మూసి గడియ పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే బ్రిగిడా ఆస్పత్రికి ఫోన్ చేసి, రూఫిన్ సంగతి మొదలుకుని అంతా చెప్పింది. ఆ రోజే రమ్మన్నారు. గింటర్ బయల్దేరే ముందు గొట్టాలన్నీ కోటు జేబుల్లో కుక్కుకున్నాడు. డాక్టరమ్మ ముందు ఒక్కొక్కటే బల్ల మీద నిలబెట్టాడు, పందెంలో గెల్చుకున్న కప్పుల్లాగా.

ఆవిడ నవ్వలేదు. ప్రతి గొట్టం మీదా రాసింది చదివింది.

"ఒంట్లో ఇది నిజంగా తగ్గితే నీరసం, చిరాకు వస్తాయి. కొందరికి దీంతో కాస్త తేలికవుతుంది కూడా. రక్తపరీక్ష చేద్దాం, కిడ్నీలూ చూద్దాం. కానీ అన్నిరకాలూ కలిపి వేసుకోకండి. మీ బరువంతా ఈ బిళ్ల మోయలేదు." గొట్టాల్ని పక్కకి జరిపింది. "ఇప్పుడు చెప్పండి. పావురాల్ని ఎందుకు ఇచ్చేద్దామనుకున్నారు?"

బ్రిగిడా నోరు తెరిచింది. అత్తగారికీ, పక్కింటావిడకీ, డిపోలో వాళ్లకీ గింటర్ తరఫున జవాబులు చెప్పి చెప్పి ఆమెకు అలవాటైపోయింది. తెరిచిన నోరు మూసుకుంది. కనురెప్ప మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. దాన్ని వేలితో అదిమి పట్టుకుని కూర్చుంది.

గింటర్ కిటికీకేసి చూశాడు. అక్కడ చూడ్డానికేం లేదు, ఎదురుగా గోడ.

"మా వీధిలో రూఫిన్ అని ఒకాయన ఉండేవాడు," అన్నాడు.