అక్కకు రావాల్సిన చప్పట్లు

అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయ్యాక, ఆమె బతకాలని చెల్లెలినైన నేను మొక్కుకుని తిరుపతిలో గుండు చేయించుకున్నాను. ఆ జబ్బు పేరు పైకి అనని తొంభైల్లో, మద్రాసు మెరీనా బీచ్‌లో దాని గురించి అవగాహన పరుగు ఏర్పాటు చేశారు. అక్క నన్ను పరిగెత్తమని, తను రోడ్డు పక్కన నిలబడింది.

నా గుండు చూసి జనం రోగిని నేనేననుకుని చప్పట్లు కొట్టారు. చివర్లో ఒకావిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. "నేను కాదండీ" అనబోతూ అక్క వైపు తిరిగాను. చూస్తే, మందులకు జుట్టు రాలిన తలకు కొంగు కప్పుకున్న అక్క కూడా చప్పట్లు కొడుతోంది.

ఆటోలో "అవన్నీ నీకు రావాల్సినవక్కా" అన్నాను.

"పోనీలేవే. ఆడ అందరూ నన్నే చూస్తా ఉంటే నిలబడగలిగేదాన్నా?" అంది.

అయినా నా మనసు తేలికపడలేదు. సౌకార్‌పేటలో మా ఇల్లు వచ్చేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.