జోగారావు మాస్టారి టిబెట్ పుస్తకం

ఇవాళ చీరకి గంజి కాస్త ఎక్కువైనట్టుంది, ఇస్త్రీపెట్టె కింద కమురు వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు ట్రేసింగ్ గుడ్డ గుర్తొస్తుంది, దాని వెనకే జోగారావు మాస్టారు. ఇస్త్రీ ఆపి కూర్చున్నాను. ఈమధ్య ఏ పని మొదలెట్టినా చివరికి కూర్చోవడమే అవుతోంది.

అరవైల తొలినాళ్లలో జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో నేను ట్రేసర్‌ని. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మీద గంజి పట్టించిన పల్చటి గుడ్డ పరిచి, నల్లసిరాతో గీత మీద గీత దించాలి. మాస్టారు సిద్ధగోరాలో ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పేవారు, మిగిలిన బతుకంతా టిబెట్ పుస్తకాలకి ఇచ్చేశారు. వయసులో ఉండగా కాలింపాంగ్‌లో ఆ భాష నేర్చుకున్నారట. ఇంటి వెనక రేకుల షెడ్డులో రాతి పలక మీంచి అచ్చు తీసే పాత లితో యంత్రం పెట్టుకుని, ఎవరూ అడగని పుస్తకాలు అచ్చువేసేవారు. ఆ చదువు చదివినవాళ్లు దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉండేవారు. వీధిలో ఆయన్ని ‘లామా మాస్టర్’ అని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి, అగ్రికోలో మా క్వార్టర్ గుమ్మం ముందు మాస్టారు నిలబడి ఉన్నారు. టిబెట్ నుంచి కొండలు దాటి పారిపోయి వచ్చిన ఒక ముసలి లామా, ఒంటికి కట్టుకుని తెచ్చుకున్న పుస్తకాన్ని వానలు వెలిసేదాకా ఆయన చేతికిచ్చారట. కుట్టు లేని పొడుగాటి ఆకులు. మరో ప్రతి మిగిలిందో లేదో తెలియదు. దాన్ని గుడ్డ మీదికి దించిపెడితే అచ్చు తీస్తానన్నారు.

“నాకా అక్షరాలు ఒక్కటీ రావు మాస్టారూ.”

“అదే కావాలమ్మా. చదవడం వచ్చినోళ్లు గల్తీ అనుకుని సరిదిద్దీత్తారు. నువ్వు బొమ్మ దించినట్టు దించీ, చాలు.”

నాలుగు నెలలు, ఆఫీసు అయ్యాక వాళ్ల వరండాలో కూర్చుని దించాను. వేళ్లు కొంకర్లు పోయేవి. పని పూర్తయింది, లామా పుస్తకం కోసం వచ్చారు, మర్నాడు సాయంత్రం రైలు. అప్పుడు మాస్టారు ఒక ఆకునీ నా గుడ్డనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు.

“రూతమ్మా, ఇక్కడ పురుగు తినీసిన కన్నం ఉంది కదా. నీ గుడ్డ మీద అక్షరాలెలాగొచ్చినాయి?”

గర్వంగానే చెప్పాను. ఆఫీసుకి చిరిగిన డ్రాయింగ్ వస్తే పక్క బొమ్మ చూసి తెగిన గీత కలిపేస్తాం, అది చేతనైనవాళ్లకే అక్కడ మంచి పేరు. “ముందాకులో అలాంటి వరసే ఉంది మాస్టారూ, చూసి కలిపేశాను.”

ఆయన తిట్టలేదు. కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. “ఏటి చేసినావమ్మా... అలాగ ఎన్ని చోట్ల కలిపినావు?”

గుర్తులేదన్నాను. అప్పటినుంచి ఇద్దరం ఆకూ గుడ్డా పోల్చుకుంటూ, నేను కలిపినవి గీకేస్తూ కూర్చున్నాం. లామాని తమతో తీసుకెళ్లే శరణార్థుల గుంపు ఆయన కోసం ఆగేది కాదు. రైలు వేళకి తొంభై ఆకులయ్యాయి, ఇంకా డెబ్భై మిగిలాయి. లామా తన ఆకులు గుడ్డలో చుట్టుకుని మాస్టారికి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

“చూడని ఆకుల్లో నీకేవైనా గుర్తుంటే చెప్పమ్మా, ఖాళీగా వదిలీద్దాం. సిగ్గేటి లేదు, తెలీదని చెప్పడమే కదా,” అన్నారు మాస్టారు.

“ఇంకేం లేవు,” అన్నాను.

పుస్తకం వచ్చింది. తొంభయ్యో ఆకు తర్వాత మూలంతో పోల్చి చూడలేదనీ, తప్పులన్నీ తనవేననీ ముందుమాటలో రాసుకున్నారు. నా పేరెత్తలేదు. మరుసటి ఏడు విదేశం నుంచి ఎవరో పండితుడి ఉత్తరం వచ్చింది, ఈ ప్రతి నమ్మదగింది కాదని. మాస్టారు నాకు చదివి వినిపించి, “నిజవే రాసినాడు,” అని మడిచిపెట్టేశారు. ఆ తర్వాత ఆయన మరో పుస్తకం వెయ్యలేదు. యంత్రానికి తుప్పు పట్టింది. ఆయన పోయినప్పుడు నేను పాడె దాకా వెళ్లి కూడా నోరు విప్పలేకపోయాను.

నేను ఆ రోజు అబద్ధమాడాను. నాకు ఒకటి గుర్తుంది. మళ్లీ ఆయన కళ్లు నులుముకోవడం చూడలేక చెప్పలేదు. మోసీ మోసీ అలసిపోయాను. ఆ పుస్తకం ఎక్కడైనా ఎవరి చేతిలోనైనా ఉంటే, నూట పన్నెండో ఆకు, మూడో వరస, కుడి చివర చూడండి. ఆ నాలుగు అక్షరాలూ నావి. దయచేసి కొట్టేయండి.