పత్తి చేలో తెల్లదారం

“అబ్బాయ్, నా దారం అయిపోయింది. కంటికి కనపడేది చూసి ఒక కండె పట్టుకురా. పంది పని ఎట్లా ఉంటుందో నువ్వూ చూద్దువుగాని” అని దేవసహాయం మాస్టారు ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆయన కనిగిరి దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాకు విల్లు పట్టడం నేర్పింది ఆయనే. నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. ఆదివారాలు అట్ట మీద బాణాలు వేస్తాను తప్ప ప్రాణమున్న దేన్నీ కొట్టినవాణ్ణి కాదు. అడవిపందులు పంట నాశనం చేస్తున్నాయని అక్కడి పంచాయతీ అర్జీ పెట్టుకుంటే, మాస్టారి పేరు మీద అనుమతి వచ్చింది. ఆ కాగితం ఫొటో చూశాకే బయల్దేరాను. ఇలాంటి పని చూడాలని ఉందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. వాళ్ల కోసమే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దారం డబ్బా సంగతి తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. విల్లుకు ముందువైపు ఒక చిన్న డబ్బా బిగిస్తారు. అందులో పావు కిలోమీటరు సన్నదారం చుట్టి ఉంటుంది. దాని కొస బాణానికి ముడేస్తారు. బాణం దిగిన పంది పరుగెత్తితే దారం సాగుతూ పోతుంది. ఆ దారం వెంట వెళ్తే పంది పడిన చోటికి చేరతాం. పందికి కొవ్వు ఎక్కువ, గాయం మూసుకుపోయి నెత్తురు సరిగా కారదు. కారినా, రాలిన మిరపకాయల మధ్య నెత్తురు చుక్క వెతకడం ఎవడి తరం?

మిర్చి యార్డు దగ్గర సంచులు కుట్టే దారం అమ్మే కొట్లో ఎరుపు, నీలం, తెలుపు మూడూ ఉన్నాయి. “దేనికండీ?” అన్నాడు కొట్టాయన. “మిరప చేలో కనపడాలి” అన్నాను. “అయితే తెలుపే తీసుకోండి, పండుకాయలో మల్లెపూవులా కనపడుద్ది” అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. గుంటూరోడికి చేను అంటే మిరప చేనే. దాని పక్క చేలో ఏముందో ఒక్క ఫోన్ చేసి అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు.

డిసెంబరు చివరి వారం, గుంటూరు బస్టాండులో పొద్దున తొమ్మిదిన్నరకు ఒంగోలు బస్సెక్కాను. పన్నెండున్నరకు ఒంగోలు. అక్కడ భోంచేసి, పొదిలి మీదుగా వెళ్లే కనిగిరి బస్సు పట్టుకుంటే, చేరేసరికి నాలుగు దాటింది. రెండు బస్సులకూ కలిపి మూడొందల చిల్లర అయింది. కనిగిరి నుంచి ఊరికి పదిహేను కిలోమీటర్లు, షేర్ ఆటోలు చీకటి పడేలోపే దొరుకుతాయి. విల్లు సంచి చూసి ఆటో డ్రైవరు “పందుల కోసమా సార్?” అన్నాడు. అవునన్నాను. “అదే మంచిదిలెండి. మా పక్కూళ్లో చేను చుట్టూ కరెంటు తీగ పెట్టారు. పంది పడలా. గేదె పడింది, గేదెను లాగబోయినోడు పడ్డాడు” అన్నాడు.

చేను మాలకొండయ్య గారిది. మూడెకరాల మిరప, దాని పక్కనే నాలుగెకరాల పత్తి. పందులు మిరపకాయ ముట్టవు గానీ, డ్రిప్పు కింద తడి నేలంతా మూతితో కుళ్లగించి మొక్కలు పెకిలిస్తాయి. పత్తి విచ్చి చేనంతా తెల్లగా ఉంది. ఆకాశం మూసుకుని ఉంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మబ్బు వంకే చూస్తున్నారు. మేం వసారాలో అన్నాలు తింటుంటే పత్తి తీసే కూలీల పెద్ద వచ్చింది, సువార్తమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. “వందనాలండీ మాస్టారూ” అని, నన్ను కిందికీ మీదికీ చూసి, “ఈ సారెవరండీ, ఇంత బక్కగా ఉండాడు, పందిని చూసి పరిగెత్తడు గదా?” అంది. మాలకొండయ్య గారి భార్య పప్పు వడ్డిస్తూ పకపకా నవ్వింది. సువార్తమ్మ చేతికి పత్తి ఊడినంత తొందరగా ఆ ఊళ్లో ఇంకెవరికీ ఊడదని, పదిమంది ఆడవాళ్లు ఆమె మాట మీదే పనికొస్తారని ఆవిడ చెప్పింది.

సువార్తమ్మ వెళ్లాక మాస్టారు “రేపు ఒక్కరోజు కూలీలను ఆపండి” అన్నారు. మాలకొండయ్య గారు తల అడ్డంగా ఊపారు. “వాన పడితే పత్తి నల్లబడుద్ది మాస్టారూ, ఎవడూ కొనడు. మీ పని తెల్లారేతలికి అయిపోయిద్ది గదా? వాళ్లు ఏడున్నరకు గానీ దిగరు.” మాస్టారు డబ్బా తీసుకుని లేచారు. లోపల కూర్చుని డబ్బాలోకి దారం ఎక్కించాం. దారం తెల్లగా ఉండటం ఆయన చూశారు. ఆయన కూడా మిరప చేనే మనసులో పెట్టుకుని ఉంటారు.

పొద్దున ఐదున్నరకే మోటారు షెడ్డు వెనక కూర్చున్నాం. చలికి వేళ్లు వంగడం లేదు. ఆరున్నర కావస్తుండగా, వెలుగు సరిగ్గా వచ్చాక, పెద్ద మగ పంది ఒకటి మిరప సాళ్లలోకి వచ్చింది. పదిహేను గజాల దూరం. మాస్టారు బాణం వదిలారు. డబ్బా బుర్రుమంది. పంది ఒక్క అరుపు అరిచి పరుగెత్తింది. దారం సర్రున సాగిపోతూ, కొంతసేపటికి ఆగింది. మాస్టారి ముఖం వాడిపోయింది. “కదిలిందిరా. వెనగ్గా తగిలింది, పొట్టలో” అన్నారు. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే పంది నిమిషాల్లో పడిపోతుంది. పొట్టలో తగిలితే గంటల తరబడి బతికి ఉంటుంది. వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది, మీదికొస్తుంది. అందుకని కదలకుండా కూర్చోవాలి. ఏడున్నర దగ్గర పడుతోంది. నేను గడియారం చూసిన ప్రతిసారీ మాస్టారు నా వంక చూశారు.

ఏడుంబావుకు ఇక ఆగలేక లేచాం. మిరపలో దారం ఎంత చక్కగా కనపడిందో చెప్పలేను. పండుకాయల మీదుగా, ఆకుల మీదుగా గీత గీసినట్టు వెళ్లింది. అరవై అడుగులు వేశామో లేదో మిరప అయిపోయింది. గట్టు రాయికి ఒరుసుకుని దారం అక్కడ తెగి ఉంది. పత్తిలోకి దిగిన కొస, అంతే, మాయమైపోయింది. విచ్చిన కాయలు తెలుపు, కొమ్మలకు వేలాడే పోగులు తెలుపు, నేల మీద రాలిన దూది తెలుపు. నడుమెత్తు పత్తిలో నాలుగెకరాల తెలుపు మధ్య నా తెల్లదారం! మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తడిమారు. పట్టుకున్నదల్లా దూది పోగే. “ఏ రంగు తెచ్చావురా నువ్వు” అని గట్టిగా అరిచారు. ఇరవై ఏళ్లలో ఆయన నన్ను అలా కసిరింది లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికే ట్రాలీ ఆటోలో ఆడవాళ్లు వచ్చి గట్టు మీద దిగుతున్నారు. మాస్టారు పరుగున వెళ్లి ఆపమన్నారు. మాలకొండయ్య గారు మబ్బు చూశారు, చేను చూశారు. చివరికి “ఆ రోడ్డు వైపు చివరన దిగండమ్మా. ఇటు దెబ్బ తిన్న పందుంది, ఇటు మాత్రం రావద్దు” అన్నారు. పంది మా వైపే ఉందని మేమంతా అనుకున్నాం. పత్తి మధ్యలో అది రోడ్డు వైపుకే తిరిగిందని తర్వాత తెలిసింది. సువార్తమ్మ ఒడి బిగించుకుంటూ “సరేనండీ” అంది. మేమిద్దరం మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని తడుముకుంటూ పోయాం.

ఎనిమిదిన్నర ప్రాంతంలో కేక వినపడింది. ఆ తర్వాత పదిమంది కేకలు ఒక్కసారిగా వచ్చాయి. మేం వెళ్లేసరికి సువార్తమ్మ సాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉంది. కుడి తొడ మోకాలి దాకా చీలిపోయింది. ఒడిలోని పత్తి అంతా ఎర్రబడింది. నాలుగడుగుల అవతల పంది కూడా కూలబడి, ఇంకా ఊపిరి తీస్తోంది. మాస్టారు రెండో బాణంతో దాని పని ముగించారు. నేను నా తువ్వాలు ఆమె తొడకు బిగించి కడుతూ ఆమె ఎడమచెయ్యి చూశాను. చేతికి తెల్లదారం ఉంది. ఒకటీ రెండూ చుట్లు కాదు, వరసగా, పొందిగ్గా, గుప్పెడు లావున చుట్టి ఉంది.

అంబులెన్సులో కనిగిరి, అక్కడ కట్టు కట్టి ఒంగోలు పంపారు. మాస్టారు పంది సంగతి అటవీశాఖ వాళ్లకు చెప్పడానికి ఊళ్లో ఉండిపోయారు. నేను ఆమె చెల్లెలితో ఒంగోలు వెళ్లాను. ఆపరేషను అయ్యాక డాక్టరు గారు ప్రాణానికి భయం లేదన్నారు. నరం తెగిందని, మోకాలి కింద పట్టు ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమని అన్నారు. సాయంత్రం ఐదుకు ఆమెతో మాట్లాడనిచ్చారు.

“ఏలికి తగిలింది సారూ” అంది సువార్తమ్మ. “పత్తి పోగనుకున్నా. లాగితే తెగలా. ఎంత గట్టి దారమో! పూలు కట్టుకోటానికి, గోతం మూతి కట్టటానికి పనికొచ్చిద్దని చుట్టుకుంటా పోయా. అట్టా వచ్చింది, వస్తానే ఉంది. ఎవురు పారేశారో ఏమో.”

“పారేసింది కాదమ్మా” అన్నాను. “బాణానికి కట్టింది. రెండో కొస పంది దగ్గరే ఉంటుంది. గుంటూరు నుంచి తెచ్చింది నేనే.”

ఆమె తన ఎడమచెయ్యి చూసుకుంది. “పందుందని చెప్పారు గదా” అంది. “ఆ దారం దాని దగ్గరికే పోయిద్దని ఒక్క మాట చెప్పుంటే, నేను ముట్టుకుంటానా?” అని ముఖం గోడ వైపు తిప్పుకుంది.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. ఎర్రదారం కొని ఉంటే మేం ముందే పందిని చేరేవాళ్లం, నిజమే. ఆ తప్పు నాదే, దాన్ని ఎవరి మీదికీ నెట్టను. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ముందు రోజు రాత్రి, ఆ పొద్దున, మేం ముగ్గురు మగాళ్లం కూలీలను ఎప్పుడు, ఎక్కడ దించాలన్నదే మాట్లాడుకున్నాం. మేం గంటకు పైగా తడుముకుని పట్టుకోలేని దారాన్ని ఆమె వేళ్లు ఒక్క క్షణంలో పట్టుకున్నాయి. రోజంతా పత్తిలో తిరిగే చేతులు అవి. ఆ చేతులకు దారం తగులుతుందన్న ఆలోచనే మాకు రాలేదు. మాస్టారు ఆ రోజు నుంచి విల్లు తీయలేదు. మాలకొండయ్య గారి పత్తి మీద ఆ వారం వాన కూడా పడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. అనుమతి కాగితం ఒక్కటే చాలదు. బాణం వేయబోయే ముందు రోజే ఆ చేలో దిగే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, ఆ దారం వాళ్ల చేతికిచ్చి, ఇది ఎక్కడ తగిలినా వదిలేసి వెనక్కి వచ్చేయమని చెప్పండి.