కంచె పక్కన వడియాలు

మా పక్కింటి ఆంటీ పోయారని మొన్న పొద్దున డ్యూటీ దిగి బూట్లు విప్పుతుంటే తెలిసింది. చర్చి గ్రూపులో మెసేజ్. ఏడవడానికి కూడా ఓపిక లేక మెట్ల మీదే కూర్చుండిపోయాను.

గుంటూరు నుంచి ఐర్లాండు వచ్చి ఈ బాలింకాలిగ్ ఊళ్లో స్థిరపడిన మనిషి. ముసలివాళ్లకి కేరర్‌గా పనిచేసి పనిచేసి మోకాళ్లు అరగదీసుకున్నారు. మా ఇళ్ల వెనక అందరిదీ అయిన పచ్చిక బయలు ఉండేది. అడ్డంగా దాటితే బస్టాపు. ఎండ కాస్తే చాలు, ఆంటీ అక్కడ పాత దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టేవారు. "ఐర్లాండు ఎండని నమ్ముకుంది నేనొక్కదాన్నే అమ్మాయ్" అని తనమీద తనే నవ్వుకునేవారు. కుక్కలతో షికారుకొచ్చేవాళ్లు "గ్రాండ్", అంటే బాగుందని, అంటూ పక్కనుంచి పోయేవారు.

అవతల కొత్త ఇళ్లు లేచాక ఆ బయలుకి ఇనప కంచె వేసి పార్కు అని బోర్డు పెట్టారు. గేటు ఆ కొత్త ఇళ్లవాళ్లవైపు, తాళం వాళ్ల చేతిలో. ఆ రోజే ఆంటీ నాకు ఒక మాట చెప్పారు. ఆమె చూసుకున్న ఒక ముసలి టీచరు నేర్పిందట: ఇంపార్క్. ఊరందరి పశువులు మేసే నేలకి దొరలు గోడ కట్టి, తమ జింకల కోసం పార్కు చేసుకోవడాన్ని పాత ఇంగ్లీషులో అలా అనేవారట. ఇప్పుడెవరూ వాడరట.

"మాట పోయిందమ్మాయ్, పని పోలా" అన్నారు.

అప్పట్నించీ మా ఆయన సోఫా నిండా పడుకుంటే "ఏం బాబూ, ఇంపార్క్ చేసేశావా?" అనేవారు. ఆయన నవ్వుతూ కాళ్లు ముడుచుకునేవాడు.

ఆ కొత్త ఇళ్లవాళ్ల మీటింగుకి వెళ్లి ఆంటీ అడిగింది ఒక్కటే: పార్కు ఉండనివ్వండి, తాళం తీసేయండి. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ మోకాళ్లతోనే ఆంటీ బస్టాపుకి చుట్టూ తిరిగి వెళ్లారు. "ఆ గేటు తెరిస్తే ఒక్కసారి అడ్డంగా నడిచి పోతానమ్మాయ్" అనేవారు. నడవకుండానే పోయారు. నాకు కోపం రావాలి. అలసటే వస్తోంది.

కంచె వేశాక ఆమె వడియాలు ఇటువైపు మిగిలిన సన్నటి గడ్డి మీదికి వచ్చాయి. కమ్మీల నీడ పడినప్పుడల్లా లేచి దుప్పటి జరిపేవారు.

నిన్న ఎండ కాసింది. ఆమె చివరగా పెట్టిన వడియాలు సగమే ఆరాయని ఆంటీ కూతురు వాటితో సహా ఆ దుప్పటి తెచ్చి నా చేతిలో పెట్టింది. కంచె పక్కన పరిచాను. టీ తెచ్చుకునేలోగా నీడ వచ్చేసింది. జరిపాను. మళ్లీ వచ్చింది. నడుం పట్టేస్తోంది. వంగి, దుప్పటి కొసలు పట్టుకుని, మళ్లీ జరిపాను.