సగం వాన ఆమెది

మా ఊళ్ళో నాట్లేసే ఆడవాళ్ళు పాటను పంచుకుంటారు. ఈ గట్టు వైపు వాళ్ళు ఒక చరణం అంటే, ఆ వైపు వాళ్ళు రెండోది అందుకుంటారు. నేనూ నా నేస్తమూ కాలవ గట్టున హైస్కూలుకు నడుస్తూ వ్యాసాలు అట్లాగే కట్టేవాళ్ళం. ఒక వాక్యం నాది, తర్వాతిది ఆమెది.

నెల్లూరులో వ్యాసరచన పోటీ అన్నారు. విషయం వాన. దారిలో కట్టిందే ఇద్దరం రాసేశాం. తెలుగు అయ్యవారికి కాపీ అంటే ఒళ్ళుమంట. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఎవురు ఎవురిది చూసి రాసినారు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ఆమె లేచి, "నేనే సార్" అనేసింది. పీరియడంతా ఆమెను గోడ దగ్గర నిలబెట్టారు.

ఇంటికొస్తూ గొంతు చించుకున్నాను. "ఏందిమే ఆ అబద్ధం? నీకేమన్నా పిచ్చా?"

"అరవబాకమే. నాకు పెళ్ళి కుదిరింది. రేపట్నించి బడికి రాను. నన్ను దొంగంటే ఏం పోయింది? నువ్వన్నా పోటీకి పో."

ఆ రాత్రి ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను. మర్నాడు నా కాగితంలో ఆమె వాక్యాలన్నీ కొట్టేసి, ఇద్దరం దారిలో కలిసి కట్టామని చెప్పి అయ్యవారికిచ్చాను. మిగిలినవి ఆయన చదివారు. వాటిలో వాన కురుస్తూనే ఉంది, తడిసేవాళ్ళు ఒక్కరూ లేరు. మనుషులంతా ఆమె వాక్యాల్లోనే ఉన్నారు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇద్దరి పేర్లూ పెట్టి పంపుదాం. ఆ పిల్లనడిగి రా" అన్నారు.

వాళ్ళింటికి పరుగెత్తాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి కాగితం చూసి పకపకా నవ్వింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా, ఈ ముక్క నీదేమే! దీన్నెందుకు కొట్టేసినావు?" కాదు నీదే అని నేను. అట్లా పోట్లాడుకుంటూ ఉంటే అరుగు మీంచి వాళ్ళ నాయన కసిరాడు. "పెళ్ళి కుదిరిన పిల్ల పేరు కాయితాలకెక్కేదేంది?"

ఆమె మళ్ళీ చేట అందుకుంది. ఆ మనిషి మీద నా కోపం ఇన్నేళ్ళయినా చావలేదు.

సగం నాది కానిదాన్ని నా ఒక్కదాని పేరుతో పంపనన్నాను. అయ్యవారు బలవంతపెట్టలేదు. క్లాసులో అందరి ముందూ నిలబడి, "ఆ పిల్ల కాపీ కొట్టలేదు. నాదే తప్పు" అన్నారు. అంత పెద్దాయన, అంత మాట! ఎంత ఆశపడ్డానో, ఒక్క పూట, ఆ ఒక్క పూట ఆమె బడికొచ్చి ఉంటే బాగుండునని. బెంచీ మీద నా పక్కన ఎవరూ లేరు.